క్రెష్‌లో టైంటేబుల్ నిలబడతలేదు, 11 దాటితే అంతా లొల్లి (హన్మకొండ)

పసిడికొండ24 అడిగినది:

అందరికీ నమస్తే. హన్మకొండలో ఇంటి కింది భాగంలో నడిచే చిన్న క్రెష్ గురించి అడుగుతున్న. పిల్లలు 17 మంది. 8 నుంచి 11 నెలల వాళ్లు ముగ్గురు, ఏడాది నుంచి రెండున్నర దాక ఆరుగురు, రెండున్నర నుంచి నాలుగేళ్ల వాళ్లు ఎనిమిది మంది. టీచర్ ఒకరు, ఆయమ్మలు ఇద్దరు. వంటామె 12 దాకనే ఉంటది. రెండు గదులు, ముందట చిన్న వాకిలి, నల్లాలు రెండు, బాత్రూం ఒకటే. పొద్దున 8:30 నుంచి సాయంత్రం 6 దాక.

గోడ మీద రాసిపెట్టింది ఇది: 9కి ప్రార్థన, 9:15 రైమ్స్, 9:45 అక్షరాలు, 10:15 పాలు బిస్కెట్, 10:30 రంగులు, 11 బొమ్మలు, 11:30 కథ, 12 ఆటలు, 1కి అన్నం, 2 నుంచి 4 నిద్ర, 4:15కి చిరుతిండి, ఇంటికి పోయేదాక మళ్లా ఆట.

రాసినప్పుడు మంచిగనే అనిపించింది, నడుస్తలేదు. 11 దాటంగనే ఏడుపులు, గుంజుకునుడు, కొరుకుడు. చిన్నోళ్లు ఇద్దరు ముగ్గురు కంచం ముందటనే కునుకుతరు. 2కి పండబెడితే పెద్దోళ్లు పండరు, పండినోళ్లను లేపుతరు. 5 అయ్యేసరికి అందరూ చికాకే. ఎండాకాలం ముందటుంది. ఎక్కడ పట్టుకొని సవరించాలె?

కరీంనగర్_లాలి:

అన్నం టైం దగ్గర పట్టుకోండి అక్కా. మిగిలినవన్నీ దాని వెంటనే వస్తయి.

ముందుగాల ప్రతి ఇంటిని ఒక్కటే అడగండి: బిడ్డ పొద్దున ఎన్నింటికి లేస్తది? ఒక వారం రాసుకోండి. పగలు ఒక్కసారే పండే ఏడాదిన్నర పిల్లకు లేచిన ఐదు, ఐదున్నర గంటలకు కండ్లు వాలుతయి. 6:30కి లేచిన బిడ్డకు అది దాదాపు 12. మీరు కంచం పెట్టేది 1కి. అంటే ఆకలి, నిద్ర రెండూ ఒక్కసారే మీద పడ్డంక అన్నం పెడుతున్నరు. 11 నుంచి వచ్చే కొరుకుడు కూడా చాలామట్టుకు అక్కడిదే. మాటలు పూర్తిగ రాని బిడ్డ అలసటను పండ్లతోనే చెప్తది.

ఇంకోటి చూడండి. వంటామె 12కి పోతది, అన్నం 1కి. అంటే చేతులు ఎక్కువ కావలసిన గంటలోనే ఒక మనిషి తక్కువ. అన్నం 11:20కి తెస్తే ఆమె వడ్డించి, కంచాలు తీసి పోవచ్చు. జీతం పెంచకుండనే నాలుగో మనిషి దొరికినట్టు.

చిన్నోళ్లకు 11:20, పెద్దోళ్లకు 11:45. ఈ 25 నిమిషాల ఎడం చాలా ముఖ్యం, ఎందుకంటే మీ ఇబ్బంది నల్లాల దగ్గర ఉంది. ఒక బిడ్డ చేతులు తడిపి, సబ్బు రుద్ది, కడిగి తుడిచేసరికి ఒక నిమిషం. 14 మందికి రెండు నల్లాల దగ్గర ఇద్దరు మనుషులుంటే 7 నిమిషాలు. ఒక ఆయమ్మ పసివాళ్ల దగ్గర చిక్కుకుంటే 14 నిమిషాలు. మొదట కడుక్కున్న బిడ్డ అంతసేపు ఊరికే కూర్చోదు. నేల మీద చెయ్యి పెడతది, ముక్కుల వేలు పెడతది, పక్క బిడ్డ జుట్టు గుంజుతది. కంచాలు ముందే వడ్డించి, నలుగురిని తీసుకపోయి, నల్లా నుంచి సీదా కంచం ముందుకు తేవాలె. తర్వాత ఇంకో నలుగురు. వరుసలో నిలబెట్టుడు ఎక్కడుంటే అక్కడ లొల్లి ఉంటది.

మార్పులను లెక్కపెట్టండి. మీ కాగితంలో 9 నుంచి 1 లోపల ఎనిమిది సార్లు పని మారుతది. ఒక్కోసారి సామాను తీసి, పిల్లలను కూడగట్టేసరికి 7, 8 నిమిషాలు. దగ్గర దగ్గర గంట పోతది, ఆ గంట మొత్తం "కూర్చోండి, లేవండి" తోనే. అంత చీలిస్తే ఎవరికీ ఆట కుదరదు. నాలుగైదు పెద్ద ముక్కలు చేయండి.

8:30 నుంచి 9:15 దాక రావడం, తోచినట్టు ఆడుకోవడం. 9:15కి వాకిట్లోకి, 40 నిమిషాలు. 10కి చిన్న తిండి, నీళ్లు. 10:15కి పది నిమిషాలు పాటలు. ఆ తర్వాత 11:10 దాక బొమ్మలు, వంటసామాను, ఇటుకలు మూడు చోట్ల పెట్టి ఎవరికి నచ్చిన చోట వాళ్లు. రంగులు, అక్షరాలు అందులోనే ఒక బల్ల మీద, నలుగురు చొప్పున. రెండేళ్ల బిడ్డ ఒక పని మీద కూర్చునేది 5, 6 నిమిషాలు, నాలుగేళ్ల బిడ్డ 10, 15. అరగంట అక్షరాల పీరియడ్ ఈ వయసుకు అయ్యే పని కాదు.

10 గంటలకు పాలు బిస్కెట్ మానండి. గ్లాసెడు పాలు తాగిన బిడ్డ 11:20కి అన్నం ముట్టదు. సగం అరటిపండో, ఉడికించిన చిలగడదుంప రెండు ముక్కలో చాలు. పాలు 3 గంటలకు మార్చండి.

పని ఆపే ముందు అయిదు నిమిషాలుందని ఒకసారి, ఒక్క నిమిషముందని ఇంకోసారి చెప్పండి. గడియారం వాళ్లకు తెల్వదు కాబట్టి దానికొక గుర్తు కావాలె: సామాను తీసేటప్పుడు రోజూ ఒక్కటే పాట, చేతులు కడిగేటప్పుడు ఇంకోటి. పాట ప్రతి వారం మారిస్తే గుర్తు పోతది.

అంగన్‌వాడీ_పరకాల:

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. బొమ్మల చార్టు, ఎండ, కొత్తగా చేరే పిల్లలు, ఈ మూడింటి గురించి కలుపుతాను.

గోడ మీద అక్షరాల టైంటేబుల్ ఉండేది పెద్దలకు. పిల్లలకు బొమ్మల పట్టీ కావాలి. పోస్టుకార్డు సైజు అట్ట ముక్కలు ఏడెనిమిది చాలు: వాకిలి, నల్లా, కంచం, చాప, పుస్తకం, పాల గ్లాసు, చెప్పులు. గీసిన బొమ్మల కన్నా మీ క్రెష్‌లోనే ఫోన్‌తో తీసిన ఫొటోలు చిన్నవాళ్లకు త్వరగా అర్థమవుతాయి. పిల్లల కళ్లకు ఎదురుగా, నేల నుంచి రెండు, రెండున్నర అడుగుల ఎత్తులో ఎడమ నుంచి కుడికి కట్టండి. ఒక పని అయిపోగానే ఒక బిడ్డ వచ్చి ఆ కార్డును తిప్పేయాలి. రోజుకొక బిడ్డ వంతు. "అమ్మ ఎప్పుడొస్తది?" అన్న ప్రశ్నకు ఇదే జవాబు: "పాల గ్లాసు అయినంక, చెప్పుల బొమ్మ వచ్చినప్పుడు." సాయంత్రం 5:30 అని చెప్తే మూడేళ్ల బిడ్డకు ఏమీ తెలియదు.

మన వైపు ఎండాకాలానికి వేరే పట్టిక రాసుకోక తప్పదు. మార్చి నడుమ నుంచి వాకిలి ఆట 8:45కి తెచ్చి 9:30కి ముగించండి. ఏప్రిల్, మేలో 10 దాటాక బయటికి వద్దు. సాయంత్రం 5:30కి నీడ వచ్చినా గచ్చు కాలుతూనే ఉంటుంది. అరచెయ్యి వెనక భాగం గచ్చు మీద ఆనించి అయిదు లెక్కపెట్టండి, మీరు ఓర్వలేకపోతే పిల్లల పాదాలు అసలే ఓర్వవు. ఇనుప జారుడుబండ కూడా అంతే. రెండు బకెట్ల నీళ్లు చల్లి పావుగంట ఆగండి, లేదా ఆ పూట లోపలే దుప్పటి కింద గుడిసె ఆట, దిండ్ల మీద దుంకుడు పెట్టండి. డిసెంబరు, జనవరిలో దీనికి తిరగేసి: పొద్దున చలికి పాటలు ముందు, వాకిలి 10:15కి.

నీళ్లు అడిగితే ఇద్దామని కూర్చోవద్దు, ఆటలో పడ్డ బిడ్డ అడగదు. పేరు రాసిన గ్లాసులు పెట్టి, ఎండాకాలంలో ప్రతి 45 నిమిషాలకు నాలుగైదు గుక్కలు తాగించండి. ఆరు గంటలు మూత్రం పోయకపోయినా, నాలుక ఎండినా, మందకొడిగా ఉన్నా వెంటనే ఇంటికి ఫోన్ చేసి డాక్టరుకు చూపించాలి.

బాత్రూం ఒకటే అన్నారు కాబట్టి "అందరూ ఇప్పుడే" అనే పద్ధతి కుదరదు. లేచాక, వాకిలికి ముందు, అన్నానికి ముందు, పండే ముందు, ఇద్దరిద్దరిని తీసుకెళ్లండి. కొత్తగా డైపర్ మానిన వాళ్లను మాత్రం గంటన్నరకొకసారి.

కొత్త బిడ్డను మొదటి రోజే 8:30 నుంచి 6 దాక ఉంచుకోకండి. మొదటి రెండు రోజులు తల్లితో పాటు గంటసేపు. మూడో రోజు తల్లి చెప్పి అరగంట బయటికి వెళ్లి రావాలి. తర్వాత అన్నం దాక, ఆ తర్వాత నిద్ర దాక. చెప్పకుండా జారుకోవడం వద్దు, అట్లా చేస్తే బిడ్డ మరుసటి రోజు నుంచి కొంగు వదలదు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల కోసం 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఆధారశిల అనే పాఠ్యప్రణాళికలో 48 వారాల పట్టిక ఉంది. అందులో మొదటి 4 వారాలు పిల్లలు అంగన్‌వాడీకి అలవాటు పడటానికే వదిలారు.

పాలడబ్బా_కాజీపేట:

ముగ్గురు పసివాళ్ల గురించి ఎవరూ రాయలేదు. వాళ్లను ఈ టైంటేబుల్‌లోకి ఇరికించకండి. 8, 9 నెలల బిడ్డ పగలు రెండుసార్లు పండుతుంది, ఒక్కో బిడ్డది ఒక్కో వేళ. ముగ్గురికి మూడు పట్టికలు, వాటికి బాధ్యురాలు ఒక్కతే ఆయమ్మ. రోజుకొకరు మారితే ఆకలి ఏడుపేదో నిద్ర ఏడుపేదో ఎవరికీ పట్టు దొరకదు.

ఒక్కో బిడ్డకు ఒక పలక లాంటి కాగితం: ఎప్పుడు తాగింది, ఎన్ని మి.లీ., ఎప్పుడు పండి ఎప్పుడు లేచింది, తడి, దొడ్డికి, మందు. జరిగిన వెంటనే రాయాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకొని రాస్తే అది లెక్క కాదు.

తల్లి పిండి పంపిన పాలు బయట 25 డిగ్రీల లోపలైతే నాలుగు గంటలు ఆగుతాయి. మన ఎండల్లో గది అంత చల్లగా ఉండదు, కాబట్టి వచ్చిన వెంటనే ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో వద్దు. సీసా మీద పేరు, పిండిన తేదీ, టైం. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు. డబ్బా పాలు కలిపితే రెండు గంటల లోపు తాగించాలి, నోరు పెట్టాక మిగిలింది గంటలోపు పారబోయాలి. "మళ్లీ ఏడిస్తే ఇద్దాం" అని దాచడం వల్లనే విరేచనాలు పట్టుకుంటాయి.

ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా పండబెట్టాలి. గట్టి పరుపు, దిండు లేదు, ముఖం దగ్గర దుప్పటి లేదు, కూలర్ గాలి సూటిగా మీదికి వద్దు. కూలర్ నడుస్తున్న గదికి కిటికీ తెరిచి ఉండాలి, లేకపోతే ఉక్క పెరుగుతుంది. పది, పదిహేను నిమిషాలకొకసారి దగ్గరికి వెళ్లి ఛాతీ కదలిక చూడాలి.

ఇళ్ల నుంచి వచ్చే డబ్బాలు తెరిచి చూడండి. పల్లీలు, పుట్నాలు, మక్క పేలాలు నాలుగేళ్ల లోపు వాళ్లకు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు. సంక్రాంతికి సకినాలు వస్తాయి, సర్వపిండిలో పల్లీ ఉంటుంది. చిన్నవాళ్ల డబ్బాల్లో అవి ఉంటే తీసి తిరిగి పంపండి. తేనె ఏడాది లోపు చుక్క కూడా వద్దు.

పసిడికొండ24:

అందరికీ చాలా థాంక్స్. వంటామె టైం సంగతి ఎన్నడూ ఆలోచించలే. ఇంకా రెండు అడుగుత. ఒకటి, మూడున్నరేళ్ల వాళ్ల తల్లులు "మధ్యాహ్నం పండబెట్టకండి, రాత్రి 11 దాక పండుతలేరు" అంటున్నరు. రెండోది, ఇద్దరి తల్లిదండ్రులు రైల్వేల షిఫ్ట్ డ్యూటీ. వాళ్ల పిల్లలు ఒక వారం 8:30కి, ఒక వారం మధ్యాహ్నం వస్తరు. ఆ ఇద్దరి కోసం మొత్తం మార్చాల్నా?

కరీంనగర్_లాలి:

తల్లులు చెప్పేది నిజమే. కానీ తప్పు పండబెట్టుడులో లేదు, లేపే టైంలో ఉంది. 4కి లేచిన మూడున్నరేళ్ల బిడ్డ 9కి ఎట్ల పండుతది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో రాత్రి, పగలు కలిపి ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర అని ఉంది. రాత్రి 11కి పండి పొద్దున 7కి లేచే బిడ్డకు 8 గంటలే. పగటి నిద్ర మొత్తం తీసేస్తే మొదటి రోజుల్లో ఇంకా చికాకే.

మూడేళ్లు దాటినోళ్లను 12:30కి చాప మీదికి తేండి. నిద్ర వస్తే పండుతరు, 1:30కి కర్టెన్ తీసి మెల్లగ లేపాలె. అరగంట దాక నిద్ర రాకపోతే లేచి రెండో గదిలకు పోయి బొమ్మల పుస్తకమో, మెత్తటి బొమ్మలో. పండనోళ్లను కండ్లు మూసుకోమని గంటసేపు పడుకోబెట్టుడు వాళ్లకు శిక్ష, పక్కనోళ్లకు చేటు. చిన్నోళ్లను 12కే పండబెట్టండి, రెండు గంటలు పండనీయండి, 2:30 దాటనీయకండి. గదులు రెండున్నయి కదా, లోపలి గది చిన్నోళ్లకు. పండే ముందు వరుస రోజూ ఒక్కటే ఉండాలె: బాత్రూం, మొహం తుడుచుడు, ఎవరి చాప మీద వాళ్లు, ఒక్క కథ, ఫ్యాన్. చాపలు రోజూ అదే చోట, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు వచ్చేటట్టు.

ఈ టైంలనే మనుషుల తిండి కూడా. 12:45 నుంచి అరగంట చొప్పున ఒకరి తర్వాత ఒకరు తినాలె. పండిన పిల్లల గదిలో మేల్కొని ఒకరు ఎప్పుడూ ఉండాలె, ఫోన్ చూడకుండ.

షిఫ్ట్ పిల్లల కోసం పట్టిక మార్చకండి, తలుపు టైం మార్చండి. 11:15 లోపల రావాలె, లేకపోతే 2 తర్వాత. నడుమ వచ్చిన బిడ్డకు అన్నమూ కుదరదు, నిద్రా కుదరదు, బెల్లు మోగితే నలుగురు లేస్తరు. అప్పగించేటప్పుడు మూడు ముక్కలు చెప్పించుకోండి: ఆఖరుకు ఏం తిన్నది, ఎప్పుడు పండి లేచింది, దొడ్డికి పోయిందా. 2కి వచ్చిన బిడ్డ పండకుండ వస్తే, మిగిలినోళ్లు లేస్తున్నా ఒక మూలకు ముప్పావు గంట పండనీయండి. ఒంటిపూట బడులు మొదలైతే ఇంకో తంటా ఉంటది. పెద్ద పిల్లలను తెచ్చుకున్న తల్లులు అదే దారిల 12:30, 1కి చిన్నోళ్ల కోసం వస్తరు. 12 లోపు గానీ, 2 తర్వాత గానీ అని ఫిబ్రవరిలనే చెప్పి పెట్టండి.

5 గంటల చికాకుకు మందు తిండే. 3కి పాలు తాగినోళ్లకు 4:45కి పెరుగుల నానిన అటుకులో, సగం ఇడ్లీనో పెట్టండి. 5:15 తర్వాత కొత్త బొమ్మలు తీయకండి, టీవీ పెట్టకండి. నీళ్ల గిన్నె, మగ్గులు, పిండి ముద్ద లాంటివి పెడితే ఎవరి తల్లి వచ్చినా ఆట చెడకుండ లేచి పోవచ్చు.

చాపల_వరుస:

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ సోమవారం ఒక్కసారే మార్చకండి. శని, ఆదివారాలు ఇంటి టైం మీద ఉండి వచ్చిన పిల్లలకు సోమవారం మామూలుగానే కష్టం. మంగళవారం మొదలుపెట్టి, అన్నాన్ని మూడు నాలుగు రోజులకు పావుగంట చొప్పున ఇంకా త్వరగా పెట్టుకుంటూ రండి. ఒక మార్పు పెట్టాక కనీసం రెండు వారాలు చూసిగాని పనికి రాలేదని అనకండి.

టైంటేబుల్ నిలబడేది ఎవరు ఎక్కడ నిలబడాలో రాసినప్పుడే. "11:20 అన్నం" అని కాదు, "11:15: వంటామె వడ్డన, మొదటి ఆయమ్మ నల్లా, టీచర్ కంచాల దగ్గర, రెండో ఆయమ్మ పసివాళ్లు" అని రాయాలి. ఒకరు సెలవు పెట్టిన రోజుకు ఇంకో కాగితం ముందే రాసి ఉండాలి. ఆ రోజు వాకిలి, రంగులు మానినా పర్వాలేదు, అన్నం, నిద్ర వేళలు కదలకూడదు. గోడ కాగితం పక్కన పెన్ను కట్టి పెట్టి, ఏ పని ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో పది రోజులు గీతలు పెట్టండి. గీతలన్నీ ఒకే చోట పడితే అక్కడ మనిషి చాలడం లేదు, లేదా కేటాయించిన నిమిషాలు చాలడం లేదు.

బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత వచ్చిన మొదటి మూడు రోజులు కొత్త బిడ్డలు వచ్చినట్టే లెక్క. పాత టైంకే అన్నీ పెట్టండి, కానీ రంగులు అక్షరాల బల్ల తీసేసి వాకిలి పెంచండి.

కరీంనగర్_లాలి:

పావుగంట పావుగంట జరుపుడు నిద్రకు సరే అన్నా, అన్నానికి వద్దు. 1 నుంచి 11:20కి రావాలంటే వంద నిమిషాలు, అట్ల జరిపితే మూడు వారాలు పడతది. ఆకలి ముందునుంచే ఉంది కదా, కొత్తగ అలవాటు చేసేదేం లేదు. వంటామెకు రెండు రోజుల ముందు చెప్పి, మంగళవారం నుంచి సీదా 11:30కి పెట్టండి, వారం తర్వాత 11:20.

చాపల_వరుస:

ఒప్పుకుంటాను, అన్నం ఒక్కసారే తేవచ్చు. అయితే ఆ వారం 10 గంటల తిండి మానకండి, సగానికి తగ్గించండి చాలు. పొద్దున తినకుండా వచ్చే పిల్లలు ఇద్దరు ముగ్గురు ప్రతి క్రెష్‌లో ఉంటారు. వాళ్లెవరో 8:45 లోపు అడిగి తెలుసుకొని, రాగానే ఒక ఇడ్లీ పెట్టించండి.

పసిడికొండ24:

సరే. మంగళవారం నుంచి అన్నం 11:30, చిన్నోళ్ల చాపలు లోపలి గదికి. పసివాళ్లకు ఒక్కతే ఆయమ్మ, రేపటి నుంచే. బొమ్మల పట్టీకి ఫొటోలు ఈ వారం తీస్త. తలుపు టైం గురించి ఇళ్లకు చీటీ ఇయ్యాలనే రాస్తున్న. పది రోజుల గీతల కాగితం ఇక్కడనే పెడుత.